సముద్రములో కలిసిన నీరు వృథాయా?

ఏటేట నైరృతి ఋతుపవనము ముగియు వేళకు మన తెలుగునాట ఒక మాట తప్పక వినవచ్చును. ఇన్ని వందల టీఎంసీల నీరు సముద్రముపాలైనదనియు, ఇంతటి సంపద వృథాయై పోయినదనియు సభలలో వక్తలు చెప్పుదురు, పత్రికలు వ్రాయును, రచ్చబండల కడ పెద్దలు తల లూచుదురు. చెప్పువారి పక్షము ఏదైనను మాట మాత్రము ఒక్కటియే. ధారూరు వంటి మెట్టప్రాంతమున బ్రతుకు మనకు ఆ మాట మరింత నచ్చుట సహజము. ఎండిన చెరువు గట్టుమీద నిలిచినవానికి, పొంగిపొరలి కడలిలో కలియు నది సంగతి చెప్పినచో కడుపు మండక యేమగును?

అయినను ఆ మాటను న్యాయస్థానములో సాక్ష్యమును పరీక్షించునట్లు ఒక్కసారి పరీక్షింపవలసి యున్నదని మేము తలచుచున్నాము. రెండవ పక్షమును వినకుండ తీర్పు చెప్పరాదనుట న్యాయమునకు మొదటి సూత్రము. నది నీటి వ్యాజ్యములో రాష్ట్రములు వాదించినవి, జిల్లాలు వాదించినవి, పట్టణములు, కర్మాగారములు వాదించినవి. సముద్రము పక్షమున వకాలతు పుచ్చుకొన్నవా రెవ్వరును లేరు. వాదింపని కక్షిదారుమీద ఏకపక్షముగ తీర్పు పొందుట సులభమే. కాని ఆ తీర్పు నిలుచునా యనునదియే ప్రశ్న.

సముద్రమునకు ధారూరుతో ఏమి పనియని కొందరు అడుగవచ్చును. ఇచ్చటినుండి బంగాళాఖాతపు తీరము మున్నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. పడమటి సముద్రము ఇంకను దూరము. మనలో అనేకులు తిరుపతి కొండ చూచినవారే గాని సముద్రపు అల చూచినవారు కారు. ఐనను మన యనంతగిరి కొండలను చూడుడు. ఆ కొండలలో పుట్టిన మూసీనది తూర్పునకు సాగి, హైదరాబాదును దాటి, వాడపల్లి కడ కృష్ణలో కలియుచున్నది. ఆ కొండల నీటినే తీసికొని కాగ్నా పడమరకు పారి, తాండూరు మీదుగ కర్ణాటకమున బ్రవేశించి, భీమానదిలో బడి, భీమతోగూడ కృష్ణనే చేరుచున్నది. ఒకే కొండమీద ఒకే వానకు పడిన రెండు చుక్కలలో నొకటి తూర్పునకు, ఒకటి పడమరకు ప్రయాణమైనను, తుదకు రెండును హంసలదీవి కడ, నాగాయలంక దిగువను అదే బంగాళాఖాతమున కలియవలసినవే. తిరిగి మన పొలములమీద వానయై కురియునదియు ఆ సముద్రముల ఆవిరియే. పంపువారము మనము, పుచ్చుకొనువారమును మనమే. ఈ రాకపోకల లెక్క చూడకుండ ఒక పద్దును మాత్రము పట్టుకొని నష్టమనుట ఏ చిట్టాలోని న్యాయము?

మరి రెండు నిదర్శనములు గూడ మన యెదుటనే యున్నవి. మన యిండ్లలో పరచుకొను తాండూరు నాపరాతి బండలు కోట్లాది యేండ్ల క్రిందట నిస్సారపు లోతుగల సముద్రమున అడుగుకు దిగిన సున్నపు మేటలు. మనము నడచు నేలయే ఒకనాటి కడలి యడుగు. ఇక రెండవది నిన్న మొన్నటిది. 2024 అక్టోబరు 15వ తేదీన మన జిల్లాలోని దామగుండము అడవిలో నౌకాదళపు రేడియో కేంద్రమునకు రక్షణమంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగు శంకుస్థాపన చేసినారు. సుమారు 2900 ఎకరముల అటవీభూమి దానికై ఈయబడినది. అడవి పోవుటను గూర్చిన వివాదమును ఇచ్చట ఎత్తుట మా యుద్దేశము కాదు. సముద్రములేని సీమలో నౌకాదళమునకు ఇంత పెద్ద కేంద్రమేల యని అడిగినవారికి సమాధానము ఉప్పు. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును గనుక సామాన్యపు రేడియో తరంగములను పైపొరలోనే మ్రింగివేయును. అత్యల్ప పౌనఃపున్యముగల తరంగములు మాత్రమే కొన్ని పదుల మీటర్ల లోతువరకు దిగి జలాంతర్గాములకు వార్త నందీయగలవు. కడలిలోని ఉప్పు వికారాబాదు జిల్లాలోని అడవి వ్యవహారమును నిర్ణయించినదన్న మాట. ఇక వాన వ్యవహారమును నిర్ణయింపదని ఎవరనగలరు?

సముద్రపు నీరు కిలోగ్రామునకు సగటున 35 గ్రాముల లవణములు గలది. 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రములను చుట్టివచ్చిన ఛాలెంజర్ అను ఆంగ్లేయ నౌక తెచ్చిన నీటిలో 77 నమూనాలను రసాయన శాస్త్రజ్ఞుడగు విలియం డిట్మార్ పరీక్షించి, 1884లో తన ఫలితములను ప్రకటించెను. ఏ సముద్రమున ముంచినను నీటిలోని వివిధ లవణముల పరస్పర నిష్పత్తి ఇంచుమించు ఒకటియే; మొత్తపు గాఢత మాత్రమే చోటునకు చోటునకు మారుచున్నదని ఆయన పరీక్షలు స్థిరపరచినవి. ఎఱ్ఱసముద్రమున అది 40 గ్రాముల వరకు నుండును. అరేబియా సముద్రమున 36 ప్రాంతమున నుండును. మన బంగాళాఖాతపు ఉత్తరభాగమున వానకాలము ముగియుసరికి పైనీరు 30 గ్రాములకంటె దిగువకు జారును.

ఈ భేదములకు కారణము ఏ యింటి యిల్లాలికైనను తెలిసినదే. పొయ్యిమీద చారు మరిగినకొలది ఉప్పన యగును. నీళ్ళు పోసినచో చప్పబడును. గిన్నెలో వేసిన ఉప్పు మాత్రము హెచ్చలేదు, తగ్గలేదు. సముద్రమున అట్లే ఎండ నీటిని ఆవిరిగ కొనిపోవును, ఉప్పును విడిచిపోవును. వానయు, నదులును, కరగిన మంచును మంచినీటిని తెచ్చిపోయును. మనుష్యుల తరములలో లెక్కించునపుడు సముద్రములోని ఉప్పు మొత్తము మారదు. మారునది దాని పంపకము. కావున ఏ ప్రదేశమున ఉప్పదన మెంతయో కొలిచితిమా, ఆ ప్రదేశమున ఆవిరి యెక్కువయో వాన యెక్కువయో తెలిసిపోవును. భూమిమీద జరుగు ఆవిరిలో నూటికి సుమారు 86 వంతులును, వానలో నూటికి సుమారు 78 వంతులును సముద్రముమీదనే జరుగుచున్నవని శాస్త్రజ్ఞుల గణన. కడలి నడుమ తాలూకా కచ్చేరీలో వలె వానకొలత పాత్రను పాతుటకు వీలులేదు. కావున ప్రకృతి తానే ఒక వానకొలత పాత్రను నిర్మించి యుంచినది. ఆ పాత్ర పేరే లవణీయత.

ఆ పాత్ర మనకు చెప్పుచున్నదేమి? 1950 నుండి 2000 వరకు గల ఏబదియేండ్ల కొలతలను పాల్ డ్యూరాక్, సూసన్ వైఫెల్స్, రిచర్డ్ మటియర్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2012లో సైన్స్ పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. ఉప్పన సముద్రములు మరింత ఉప్పన యగుచున్నవి. చప్పన సముద్రములు మరింత చప్పన యగుచున్నవి. ఆ ఏబదియేండ్లలో భూతలపు ఉష్ణము అర డిగ్రీ పెరుగగా, ఆవిరి, వాన, ప్రవాహములతో తిరుగు జలచక్రము నూటికి నాలుగు వంతులు వేగిరపడినదని వారు లెక్క తేల్చిరి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడు వంతులు హెచ్చుగ ఆవిరిని మోయగలదనుట భౌతికశాస్త్రమున ఎప్పటినుండియో యెఱిగిన సూత్రమే. సముద్రపు ఉప్పు ఆ సూత్రమునకు చేవ్రాలు పెట్టినది. వివిధ ప్రభుత్వములు కూడి యేర్పరచిన శీతోష్ణస్థితి పరిశోధక సంఘము 2021లో వెలువరించిన నివేదికలో, పైనీటి లవణీయతలో కనబడిన ఈ మార్పులకు మానవుని చేష్ట కారణములలో నొకటి యగుటకు మిక్కిలి యధికమైన అవకాశము గలదని వ్రాసినది. అనగా మనము బొగ్గును, నూనెను కాల్చిన పొగ సముద్రపు ఉప్పులో లిఖితమై యున్నది.

ఈ లేఖ్యమునకు సామాన్యుని భాషలో అర్థ మేమి? ఉన్నవానికి మరింత, లేనివానికి ఇంకను తక్కువ యను లోకరీతి వానకును పట్టుచున్నదని. నేలమీద ఈ సూత్రము ప్రతిచోట ఇంత సూటిగ నడవదు; కొండలు, అడవులు, గాలులు దానిని వంచుచుండును. కాని కురిసినపుడు కుంభవృష్టియు, కురియనపుడు దీర్ఘమైన యెండపట్టును హెచ్చుచున్నవన్న సంగతి కంది విత్తిన తాండూరు రైతునకు ఏ నివేదికయు చెప్పనక్కరలేదు. మొదటి తొలకరికి విత్తి, మూడువారములు ఆకసము వంక చూచి, ఆపైన ఒక్క రాత్రి కురిసిన వానకు మొలకయు మన్నును గూడ కొట్టుకొనిపోవుట అతడు చూచినదే.

ఇపుడు మన బంగాళాఖాతమునకు వత్తము. ప్రపంచమున నిటువంటి సముద్రము లరుదు. గంగా బ్రహ్మపుత్రలు రెండును గలిసి ఏటా సుమారు వేయి ఘనకిలోమీటర్ల నీటిని, మన లెక్కలో 35 వేల టీఎంసీలను, ఇందులో కుమ్మరించుచున్నవి. దీనికి ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణల నీరును, సముద్రముమీదనే పడు వానయు తోడగును. ఈ మంచినీరు తేలిక. క్రిందనున్న ఉప్పునీరు బరువు. పాలమీద మీగడవలె తేలికనీరు పైన నిలిచిపోవును. గాలి యెంత వీచినను క్రిందిపొర సులభముగ పైకి రాలేదు. శాస్త్రజ్ఞులు దీనికి అడ్డుపొర యని పేరిడిరి. తత్ఫలితముగ ఎండ వేడి పైనున్న పలుచని పొరలోనే నిలిచి, వానకాలమున గూడ బంగాళాఖాతపు పైనీరు 28 డిగ్రీలకు పైన నుండును. ఆ వేడియే మేఘములను పుట్టించి, వాయుగుండములను లేపి, మన దేశపు నడిబొడ్డువరకు వాన తెచ్చుచున్నది. పడమటనున్న అరేబియా సముద్రమో, ఋతుపవనపు గాలికి కలగి, అడుగునీరు పైకివచ్చి చల్లబడిపోవును. రెండు సముద్రములకు గల యీ యంతరమును గోవా లోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన శెనాయ్, శంకర్, శెట్యే గారలు 2002లో వివరించిరి.

ఈ మంచినీరు వచ్చినచోటనే నిలువదు. ఉత్తరమునుండి బయలుదేరి ఒరిస్సా, ఆంధ్ర తీరముల నంటి దక్షిణమునకు ప్రవహించును. దీనిని కనుగొన్న విధము మన దేశమునకు గర్వకారణము. సముద్రశాస్త్ర సంస్థవారు 2005 నుండి తీరమునగల బెస్తవారి చేతికి సీసాలనిచ్చి, వారు నీటి నమూనాలను పట్టి తెచ్చునట్లు ఏర్పాటు గావించిరి. ఆ కొలతలనుబట్టి, వానకాలపు చివర ఇంచుమించు నూరు కిలోమీటర్ల వెడల్పుగల మంచినీటి పట్టీ ఒకటి తీరమువెంబడి రెండున్నర మాసములలో దేశపు దక్షిణాగ్రమును చేరుచున్నదని 2014లో ప్రకటించి, దానికి సముద్రములోని నది యని పేరుపెట్టిరి. కోట్ల రూపాయల నౌకలు చేయలేని పనిని సీసాలతో బెస్తవారు చేసిరి. విజ్ఞానము పండితుల సొత్తు మాత్రమే యనుకొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

అడ్డుపొర వరము మాత్రమే యని మేము చెప్పము. తుపాను సాధారణముగ సముద్రమును చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకిలాగి, తన బలమును తానే తగ్గించుకొనును. పైన మంచినీటి పొర మందముగ నున్నచోట ఆ చల్లదనము పైకి రాదు. తుపాను ఆకలి తీరదు. అట్టిచోట్ల తుపానులు బలపడు వేగము ఇతరచోట్లకంటె నూటికి ఇంచుమించు ఏబది వంతులు హెచ్చుగ నున్నదని 2012లో ప్రచురింపబడిన యొక పరిశోధన తేల్చినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములు గొన్న తుపానును, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును చిన్నాభిన్నము చేసిన హుద్‌హుద్‌ను తీరవాసు లెన్నటికిని మరువరు.

ఇవి తీరపు కష్టములు, మనకు కావనుకొందుమేని చరిత్ర ఒప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినది. సుమారు 15 వేల మంది మరణించిరని చెప్పుదురు. ఆ వానను తెచ్చినది బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండమే. మూసీ పరీవాహమునగల 788 చెరువులలో 221 చెరువులు తెగినవి. అనగా వరద అనంతగిరి దిగువను, మన పల్లెల చెరువుగట్ల మీదనే బలము పుంజుకొని నగరము మీదికి పోయినది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపైన 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. నూటపండ్రెండేండ్లకు, 2020 అక్టోబరు 13న, బంగాళాఖాతపు తీవ్ర వాయుగుండ మొకటి కాకినాడ దగ్గర తీరము దాటి, తెలంగాణము మీదుగ పడమరకు సాగి, మరల నగరమును ముంచినది. కడలి మన గడప యెన్నిమార్లు తట్టినదో ఇక లెక్కింప నేల?

లోకపు మరియొక మూలను గూడ చూడవలసి యున్నది. ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఉప్పన నీరు చల్లబడి, బరువెక్కి, అడుగునకు దిగి, దక్షిణమునకు ప్రవహించును. దానికి బదులుగ వెచ్చని నీరు పైన ఉత్తరమునకు వచ్చును. యూరపుఖండపు వెచ్చదనమునకు ఈ తిరుగుడు ఒక ముఖ్యకారణము. నీరు తగినంత ఉప్పనగా నున్నంత కాలమే అది మునుగును. గ్రీన్లాండు మంచు కరగి మంచినీరు కలసినకొలది మునుగుట కష్టమగును. ఈ శతాబ్దమున ఆ ప్రవాహము బలహీనపడుటకు చాల యధికమైన అవకాశము గలదనియు, 2100 లోపల అది హఠాత్తుగ ఆగిపోదని కొంత నమ్మకము గలదనియు 2021 నాటి నివేదిక చెప్పినది. అది తగ్గినచో వానలు కురియు రేఖ దక్షిణమునకు జరిగి మన ఋతుపవనము సైతము చెదరవచ్చునని గణనలు సూచించుచున్నవి. ఎక్కడి గ్రీన్లాండు, ఎక్కడి ధారూరు! ఐనను ఉప్పుచెమ్మ రెంటిని ముడివేయుచున్నది.

ఇక మొదటి మాటకు వత్తము. సముద్రమున కలిసిన నీరు వృథాయా? 2006లో కరెంట్ సైన్స్ పత్రికలో మన దేశపు శాస్త్రజ్ఞులు కొందరు, నదుల యనుసంధానమువలన బంగాళాఖాతమునకు చేరు మంచినీరు మిక్కిలి తగ్గినచో, ఆ తేలికపొర పలుచబడి, సముద్రపు వేడియు, దానిమీద నాధారపడిన వానయు మారవచ్చునని హెచ్చరించిరి. ఈ మార్పు ఎంత యుండునను విషయమున శాస్త్రజ్ఞులలో వాదము తీరలేదు. కాని వాదము తీరని విషయమున వృథా యను తీర్పును ముందే వ్రాసి యుంచుట మాత్రము న్యాయము కాదు.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: కృష్ణ యెంత, సముద్రమెంత? 1973 నాటి బచావత్ న్యాయస్థానము నూటికి 75 ఏండ్లు నమ్మదగిన కృష్ణ నీటిని 2060 టీఎంసీలుగ నిర్ణయించినది. గంగా బ్రహ్మపుత్రల రాశిలో అది ఇంచుమించు పదునేడవ వంతు మాత్రమే. నిజమే. కృష్ణ నొక్కదానిని పట్టినంత మాత్రమున బంగాళాఖాతము ఉప్పున గడ్డకట్టదు. కాని ప్రతి పరీవాహమువారును నా వంతు స్వల్పమే కదాయని అనుకొన్నచో మొత్తము ఎవరిది? ప్రతివాడును తన బిందెడు పాలకు బదులు బిందెడు నీరు పోసిన కథ మనవారికి క్రొత్త కాదు. పైగా కృష్ణ ముఖద్వారమున ఆ స్వల్పమే సర్వము. 2000 సంవత్సరము తరువాత వచ్చిన కరవుల యందు కృష్ణ నుండి సముద్రమునకు చేరిన నీరు నామమాత్రమయ్యెను. నది వెనుకకు తగ్గినచో సముద్రము ముందునకు వచ్చును. ఇది డెల్టా రైతు యెఱిగిన సత్యము. బావులు ఉప్పులగును, మడ యడవి చిక్కిపోవును, నది తేవలసిన ఒండ్రు జలాశయములలోనే మేటవేయగా తీరము కోసుకొనిపోవును. ఎగువను మనము పొదుపు చేసినామనుకొన్న నీటికి దిగువను మన సోదరుడే రుసుము చెల్లించుచున్నాడు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. మన గుండెకు దగ్గరది. కోట్‌పల్లి చెరువును, నాలుగు వానలను నమ్ముకొని బ్రతుకు ఈ మెట్టసీమకు కృష్ణ నీరు కావలెనా, వద్దా? కావలెను. ఆ మాటలో మాకు సందేహము లేదు. వికారాబాదు, తాండూరు రైతునకు నీటివాటా చెందవలసినది న్యాయముచేతనే గాని దయచేత గాదు. కాని తన హక్కు నిలుపుకొనుటకు అబద్ధపు వాదము అక్కరలేదు. ఈ నీరు మాకు కావలెను, దీనికి ఇంత మూల్యమున్నది, ఆ మూల్యమును తెలిసియే అడుగుచున్నాము అనువాని వాదము, ఈ నీరు ఎట్లును వృథాయే కదాయను వాని వాదముకంటె ఎంతయో బలమైనది. వృథా యను మాటతో మొదలిడినవాడు లెక్క అడుగడు. లెక్క అడుగని చోట గుత్తేదారు బాగుపడునే గాని రైతు బాగుపడడు. చేరవలసిన నీటిలో కాలువల చీలికలలో పోవున దెంత, జలాశయములలో ఆవిరి యగున దెంత, నిజముగ పొలము త్రాగున దెంత యను ప్రశ్నలన్నిటిని ఆ ఒక్క మాట కప్పిపుచ్చుచున్నది.

లెక్క యనుటలో కొలత ముఖ్యము. 1999లో స్థాపింపబడిన జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము, ఇంకాయిస్ అనబడునది, సముద్రము కానరాని హైదరాబాదులోనే యున్నది. ఆర్గో యను అంతర్జాతీయ వ్యూహమున మన దేశపు భాగమును నిర్వహించునది ఈ కేంద్రమే. ప్రపంచ సముద్రములలో సుమారు 4000 తేలు యంత్రములు ఈ వ్యూహమున పనిచేయుచున్నవి. ప్రతి యంత్రమును పదిదినముల కొకమారు రెండువేల మీటర్ల లోతునకు మునిగి, పైకి వచ్చునపుడు ఉష్ణమును, లవణీయతను కొలిచి, ఉపగ్రహము మూలమున వార్త పంపును. ఆ వార్త ఏ దేశమువాడైనను ఉచితముగ చూడవచ్చును. దేశములు సరిహద్దులకై పోరాడుచున్న యీ కాలమున ఉప్పునీటి విషయమున మాత్రము లోకమంతయు ఒకే చిట్టా వ్రాసికొనుచున్నదనుట సంతోషింపదగిన సంగతి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడగు యూజీన్ లఫాండ్‌ను రప్పించి సముద్రపరిశోధన నారంభించినది. ఈ విద్యలో తెలుగువారు వెనుకవచ్చినవారు కారు.

దీర్ఘకాలపు కొలతలకు ఒక ధర్మమున్నది. ఒక యేటి కొలత ఏమియు చెప్పదు. పదియేండ్ల కొలత అనుమానము కలిగించును. ఏబదియేండ్ల కొలత సాక్ష్యము చెప్పును. నడుమ ఐదేండ్లు మాని మరల మొదలిడినచో ఆ ఖాళీని ఏ ధనముతోను పూరింప వీలులేదు. పోయిన సంవత్సరపు సముద్రమును నేడు కొలువలేము గదా! మన రెవెన్యూ దస్తరములలో ఒక్క యేటి పహాణీ పోయినచో ఎన్ని వ్యాజ్యములు పుట్టునో కోర్టు మెట్లెక్కిన ప్రతివాడు నెఱుగును. ఖర్చు తగ్గింపవలెనను ప్రభుత్వములకు ఏ రాజ్యముననైనను మొదట కనబడునవి ఇట్టి నిశ్శబ్దపు పద్దులే. వాటిని కాపాడు బాధ్యత ప్రజలది.

కావున మా సూచనలు నాలుగు. మొదటిది, నదులమీద ఇకపై తలపెట్టు ప్రతి పెద్ద పథకపు నివేదికలోను, సముద్రమునకు చేరు నీరు ఎంత తగ్గును, దానివలన డెల్టాకు, తీరమునకు, సముద్రపు పైనీటికి కలుగు ఫలితమేమి యను అధ్యాయము ఒకటి చేర్చి, ప్రజల ముందుంచవలెను. రెండవది, సముద్రపు కొలతలకై యిచ్చు ధనము ఏయేటికాయేడు బిచ్చముగ గాక, దీర్ఘకాలికముగ హామీ యీయబడవలెను. మూడవది, ఈ కొలతల సారమును ఏటికొకమారు తేట తెలుగున అచ్చువేసి, గ్రంథాలయములకు, పాఠశాలలకు పంపవలెను. తెలుగు దేశపు నడుమనున్న సంస్థ కనుగొన్న సంగతి తెలుగువానికి ఇంగ్లీషులో మాత్రమే దొరకుట తగదు.

నాలుగవది ప్రభుత్వమును అడుగవలసినది కాదు, మనము చేయవలసినది. వాన ఒక్కుమ్మడిగ పడు కాలము వచ్చినది గనుక చెరువే మనకు కోట. ధారూరు, వికారాబాదు, తాండూరు గ్రామములలో యువకులు వానకాలమునకు ముందే తమతమ చెరువుల గట్లను, తూములను, అలుగులను చూచి, గండిపడు చోట్లను గుర్తించి, వ్రాసి, అధికారులకు అందీయవలెను. కాలువలలో కట్టిన యిండ్లను, పూడిన వాగులను దాచక చెప్పవలెను. ప్రతి పాఠశాలలోను ఒక వానకొలత పాత్ర నుంచి దినదినమును లెక్క వ్రాయించవలెను. సీసా పట్టుకొన్న బెస్తవాడు సముద్రములోని నదిని కనుగొనినపుడు, పలక పట్టుకొన్న మన బాలుడు తన యూరి వాన సంగతి కనుగొనలేడా?

నది సముద్రమున కలియుటను మన పూర్వులు నష్టమనలేదు, సంగమమన్నారు. అచ్చట స్నానము చేసిరి. వారి చేతిలో లవణీయతను కొలుచు యంత్రములు లేవు. మన చేతిలో నున్నవి. ఆ యంత్రములు చెప్పుచున్న సాక్ష్యమును విని, తరువాత మన వాటా మనము అడుగుదము. దిగువవాని వాటాను గూడ తలపెట్టి అడుగుదము. వృథా యను మాటను మాత్రము ఈ వ్యాజ్యమునుండి కొట్టివేయవలెనని మా మనవి.